మరియమ్మ ఇంటి పండుగ



ఈ వేళ మీతో ముచ్చటించబోయేది మతానికి సంబంధించిన విషయమే గాని, మొదలుపెట్టడం మాత్రం ఒక నల్ల ఉన్ని ఉండతో మొదలుపెట్టాలి.

ఇరవై రెండేళ్లుగా మా గుడిలో సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఏటా గుడ్ ఫ్రైడే నాడు పిల్లలచేత చిన్న నాటకం వేయించడం నా వంతు. దుస్తులు కుట్టేదీ నేనే, మాటలు కంఠతా పట్టించేదీ నేనే. యేసుప్రభువు వేషం వేసే అబ్బాయికి తెల్లని అంగీ, భుజాలదాకా లేతరంగు జుట్టు. శిష్యులకు రంగురంగుల శాలువలు. పిలాతు ముందు నిలబడి, సిలువ వేయమని కేకలు వేసే గుంపు ఒకటి ఉంటుంది గదా, వాళ్లకు మాత్రం నల్ల ఉన్నితో గడ్డాలు. ఎందుకంటే వాళ్లు యూదులు. అంతకు మించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

మూడేళ్ల క్రిందట నాటకానికి నాలుగు రోజుల ముందు, సిలువ పైభాగాన కట్టే చెక్కపలకకు రంగు వేస్తున్నాను. దాని మీద యూదుల రాజు అని వ్రాయాలి. మా మనవరాలికి అప్పుడు ఎనిమిదేళ్లు. ప్రక్కన కూర్చొని బ్రష్షు కడుగుతూ, "అమ్మమ్మా, యూదుల రాజంటే యేసుప్రభువు కూడా యూదుడేనా?" అన్నది.

"అవునే."

"మరియమ్మో?"

"ఆమె కూడా."

"పేతురూ?"

"అతనూను."

అది కాసేపు ఊరుకొని, "మరి వాళ్లకెందుకు నల్లగడ్డాలు పెట్టలేదూ?" అన్నది.

"వెళ్లి నీ మాటలు చదువుకో, ఫో" అని కసిరాను. పెద్దవాళ్లకు సమాధానం తోచనప్పుడు చేసే పనే గదా అది! ఆ ఏడు గడ్డాలు గడ్డాలుగానే ఉన్నవి. నాటకం బాగుందని అందరూ అన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. తెలియని సంగతి కాదు. చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసినదాన్ని ఒకసారైనా తెరచి చూడకపోవడమే జరిగింది.

మీలో క్రైస్తవులు కాని వారే ఎక్కువమంది అని నాకు తెలుసు. ప్రక్కింటివారు పంపిన క్రిస్మస్ కేకు తప్ప ఈ మతంతో మీకు వేరే పరిచయం లేకపోవచ్చు. అయినా వినండి. ఇది చాలావరకు వంటింటి కథ. ఒక ఇంట్లో పుట్టి, ఆ ఇంటినే పగవారి ఇల్లుగా చెప్పుకొన్న కథ కూడా.

ఆ తరువాత నేను చేసిన పని ఏమంటే, లూకా సువార్తను మళ్లీ మొదటినుంచి చదవడం. ఈసారి గృహిణి కళ్లతో చదివాను. బిడ్డ పుట్టిన ఎనిమిదవ నాడు సున్నతి చేసి పేరు పెట్టారు. అది యూదుల ఆచారం. బాలింత శుద్ధి కోసం తల్లిదండ్రులు యెరూషలేము దేవాలయానికి వెళ్లి రెండు పక్షులను అర్పించారు. లేవీయకాండము చూస్తే, గొర్రెపిల్లను తేగల స్తోమత లేనివారు గువ్వలనో పావురపు పిల్లలనో తేవచ్చునని ఉన్నది. అంటే మరియమ్మ బీద ఇల్లాలు. బీదదైనా ఆచారం తప్పలేదు. ప్రతి ఏడూ పస్కా పండుగకు కాలినడకన యెరూషలేము వెళ్లేవారు. కొడుకుకు పన్నెండేళ్లు వచ్చిన ఏడు, తిరుగు దారిలో అతడు కనబడక వాళ్లు పడ్డ ఆరాటం మన తిరునాళ్లలో బిడ్డ తప్పిపోయినప్పటిలాగే ఉంటుంది. ఇవన్నీ నేను పిల్లలకు వందసార్లు చెప్పిన కథలే. చెబుతున్నది ఒక యూదు కుటుంబం కథ అని మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

ఇంకొక చిన్న సంగతి చూడండి. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడే ఒక స్త్రీ వెనుకగా వచ్చి యేసు వస్త్రపు చెంగు ముట్టుకొని స్వస్థత పొందిన కథ ఉన్నది. చెంగు అనగానే నాకు ఎప్పుడూ చీర కొంగే కళ్ల ముందు మెదిలేది. అది కొంగు కాదు. వస్త్రం నాలుగు మూలలకూ దారాలతో కుచ్చులు కట్టుకోవాలని సంఖ్యాకాండములో ఆజ్ఞ ఉన్నది. దేవుని ఆజ్ఞలు చూపుకు ఆనేటట్లు ఆ కుచ్చులు వేలాడుతూ ఉండాలి. నేటికీ నియమంగా ఉండే యూదు పురుషులు వాటిని ధరిస్తారు. ఆ తల్లి ముట్టుకొన్నది బహుశా ఆ కుచ్చులనే. ఆయన ఒంటిమీది బట్టే ఆయన ఎవరో చెబుతుంటే, మనం తెల్ల అంగీ కుట్టి ఊరుకొన్నాము.

ఆ మాటకు వస్తే మన నోటి మాటలు మాత్రం తక్కువ చెబుతున్నవా? ప్రార్థన చివర ఆమేన్ అంటాము. అది హీబ్రూ మాట, నిజము, అలాగే అగుగాక అని అర్థం. హల్లెలూయ హీబ్రూయే, ప్రభువును స్తుతించండని. మట్టలాదివారం నాడు పిల్లలు మట్టలు ఊపుతూ అరిచే హోసన్న కూడా హీబ్రూ నుంచి వచ్చినదే, రక్షించుమని మొర. క్రీస్తు అన్నది గ్రీకు మాటే గాని, హీబ్రూలో మెస్సీయ, అభిషిక్తుడు అన్నదానికి అనువాదం. యేసు అసలు పేరు యేషూవ. మోషే తరువాత ఇశ్రాయేలీయులను నడిపించిన యెహోషువ పేరే, కాస్త పొట్టి అయింది. మరియ అంటే మిర్యాము. మా నాయనమ్మ పేరు రాహేలమ్మ, మా అమ్మ ఎస్తేరమ్మ, మా మేనత్తలు రూతమ్మ, సారమ్మ. గుంటూరు జిల్లాలో పుట్టి, గోంగూర తిని పెరిగిన ఈ ఆడవాళ్లందరూ యూదు స్త్రీల పేర్లు మోశారు. యూదులు ఎలా ఉంటారో ఒక్కరూ చూసి ఎరుగరు.

ఇక పస్కా సంగతి. వంట చేసే చేతులకు ఇది తొందరగా అర్థమవుతుంది, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

ఐగుప్తులో బానిసలుగా ఇటుకలు చేసిన తమ పూర్వులను దేవుడు విడిపించిన రాత్రిని యూదులు ఈ పండుగలో తలచుకొంటారు. బయలుదేరే తొందరలో పిండి పులిసే వ్యవధి లేకపోయిందట. అందుకని ఏడు రోజులు, ఇజ్రాయెల్ వెలుపల ఉండేవారైతే చాలామంది ఎనిమిది రోజులు, ఇంట్లో పులిసిన పిండి అన్నది ఉండకూడదు. పులియడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీపిండి తెల్లారేసరికి మూత ఎత్తేస్తుంది. వారి నియమం గోధుమ, బార్లీ వంటి అయిదు ధాన్యాలకు సంబంధించినది. పిండిలో నీళ్లు పడిన క్షణం నుంచి 18 నిమిషాలలో రొట్టె కాలి బయటకు రావాలి. ఆలస్యమైతే అది పనికిరాదు. ఎవరైనా ఇరుగమ్మ వచ్చి పలకరించిందంటే ఆ వాయి అంతా పోయినట్లే!

పండుగకు కొన్ని రోజుల ముందునుంచే ఇల్లు దులపడం మొదలవుతుంది. అలమరలు, అరలు, పిల్లల జేబులు, ఎక్కడా రొట్టె పొడి కూడా ఉండరాదు. చాలా ఇళ్లలో ఈ పండుగకు వేరే గిన్నెలు, వేరే పళ్లాలు ఉంటవి. ఏడాది పొడుగునా కట్టి పైన పెట్టి ఉంచుతారు. మన ఇళ్లలో మడి గిన్నెలు ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. ముందటి రాత్రి దీపాలు ఆర్పి, కొవ్వొత్తి వెలుగులో ఇల్లంతా వెదకుతారు. ఒక పక్షి ఈక, ఒక కొయ్య గరిటె తీసికొని పిల్లలు వెంట తిరుగుతారు. దొరికిన ముక్కలను మరునాటి ఉదయం కాల్చివేస్తారు. ఇల్లు అంత శుభ్రంగా తుడిచాక ఏమీ దొరకదు గదా, పిల్లలు చిన్నబోకుండా చాలామంది పది ముక్కలు కావాలనే అక్కడక్కడ దాచి పెడతారట. ఈ ముక్క చదివినప్పుడు నాకు ఆ తల్లులంటే ఎంత దగ్గరితనం కలిగిందో!

పండుగ రాత్రి భోజనపు బల్ల మీద పెట్టే పళ్లెం చూస్తే మనకు ఉగాది పచ్చడి గుర్తుకు రాక మానదు. ప్రతి రుచికీ ఒక అర్థం ఉన్నది. చేదు ఆకు బానిసత్వపు బాధకు. ఉప్పునీళ్లు కన్నీళ్లకు. ఆపిల్ ముక్కలు, అక్రోటు పప్పు, దాల్చినచెక్క కలిపి ద్రాక్షారసంతో నూరిన ముద్ద ఒకటి చేస్తారు, రంగుకు అడుసులా ఉంటుంది, ఇటుకల మధ్య పెట్టే అడుసుకు అది గుర్తు. ఖర్జూరం దొరికే దేశాలలో ఖర్జూరపు పాకంతో చేస్తారు. తినడానికి మాత్రం తియ్యగా ఉంటుందిట. ఆ రాత్రి ఇంట్లో అందరికంటే చిన్నబిడ్డ లేచి, ఇవాళ్టి భోజనం ఇలా ఎందుకున్నదని అడగాలి. బిడ్డ అడిగితేనే పెద్దలు కథ మొదలుపెడతారు. అది పండుగ విధులలోనే ఉన్నది. నేను నా మనవరాలిని కసిరి పంపిన సంగతి ఇక్కడ గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాను.

ఐగుప్తు మీదికి వచ్చిన పది తెగుళ్ల పేర్లు చెప్పేటప్పుడు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క చుక్క ద్రాక్షారసం గిన్నెలోంచి తీసివేస్తారు. బాధపడినవారు శత్రువులే అయినా మనుషులే, మన సంతోషపు గిన్నె ఆ మేరకు తగ్గాలి అని పెద్దలు దానికి అర్థం చెబుతారు.

ఈ పండుగ ఎప్పుడు వస్తుందో చెబితే మీకు ఇంకా సరదాగా ఉంటుంది. యూదులవి చాంద్రమాన మాసాలు. ఋతువులు తప్పకుండా 19 ఏళ్లలో ఏడుసార్లు అధికమాసం వేస్తారు, అచ్చంగా మన పంచాంగంలాగే. నీసాను మాసపు నిండు పున్నమికి పస్కా. చాలా సంవత్సరాలలో అది ఉగాది వెళ్లిన పక్షం రోజులకు పడుతుంది. గుడ్ ఫ్రైడే కూడా ఎప్పుడూ పున్నమికి దగ్గర్లోనే వస్తుందని నేను యాభై ఏళ్లు వచ్చేవరకు గమనించలేదు సుమండీ. ఈస్టరు తేదీని యూదుల లెక్కతో పని లేకుండా సొంతంగా వేసుకోవాలని 325లో నికేయా సభలో నిర్ణయించారు. అయినా ఆకాశంలో చంద్రుడు ఆ చుట్టరికాన్ని పోనివ్వలేదు.

యేసు శిష్యులతో కలిసి చివరిసారి భోజనానికి కూర్చున్నది ఈ పస్కా వేళల్లోనే. రొట్టె విరవడం, ద్రాక్షారసపు గిన్నె అందించడం, భోజనమయ్యాక కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లడం, ఇవి ఆ పండుగ వాతావరణంలోవే. మేము గుడిలో తీసికొనే ప్రభు రాత్రి భోజనానికి మూలం అక్కడ ఉన్నది. ఇక్కడ మాత్రం ఒక జాగ్రత్త అవసరం. మత్తయి, మార్కు, లూకా అది పస్కా భోజనమే అంటారు. యోహాను లెక్క ప్రకారం ఆయన సిలువ మరణం పస్కాకు ముందటి ఆయత్తపు దినాన జరిగింది. పండితులు దీని మీద నేటికీ వాదించుకొంటున్నారు. పైగా ఆ రోజుల్లో దేవాలయంలో గొర్రెపిల్లను వధించి తెచ్చి తినేవారు. 70లో రోమను సైన్యం దేవాలయాన్ని కూల్చిన తరువాతనే పండుగ ఇప్పటి ఇంటి పండుగగా స్థిరపడింది. కనుక నేటి యూదుల బల్లను చూసి యేసు బల్ల మీద ఇవన్నీ ఇలాగే ఉండేవని చెప్పడం తొందరపాటు. నేనూ మొదట్లో ఉత్సాహం కొద్దీ మా పిల్లలకు అలాగే చెప్పాను, తరువాత దిద్దుకోవలసి వచ్చింది.

శుక్రవారం సంగతి నాకు ఇంతకంటే గట్టిగా మనసుకు తగిలింది. యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. శుక్రవారం సాయంత్రం పొద్దు గుంకగానే విశ్రాంతి దినం ప్రారంభం. ఇప్పటికీ ఆ వేళకు ముందు ఇల్లాలు రెండు కొవ్వొత్తులు వెలిగించి, చేతులతో కళ్లు మూసుకొని ప్రార్థన చేస్తుంది. వంటంతా అంతకు ముందే అయిపోవాలి, ఆపైన పొయ్యి వెలిగించరాదు. సంధ్యాదీపం పెట్టే అలవాటున్న మనకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. ఇప్పుడు లూకా చెప్పిన మాట చూడండి. యేసు దేహాన్ని హడావుడిగా సమాధిలో పెట్టారు, ఎందుకంటే పొద్దు వాలుతోంది. గలిలయ నుంచి ఆయన వెంట వచ్చిన స్త్రీలు ఆ చోటు చూసికొని, ఇంటికి వెళ్లి సుగంధద్రవ్యాలూ పరిమళ తైలాలూ సిద్ధం చేశారు. తరువాత? ఆజ్ఞ ప్రకారం విశ్రాంతిగా ఉన్నారు. దుఃఖంతో గుండె పగులుతున్నా, ఆ నూనెలు ఎదురుగానే ఉన్నా, శనివారమంతా కదలలేదు. అందుకే ఆదివారం తెల్లవారుజామున పరుగెత్తారు. ఖాళీ సమాధిని మొదట చూసింది వారే. మగ్దలేనే మరియ, యోహన్న, యాకోబు తల్లి మరియ. ఈస్టరు ఆదివారం నాడు వచ్చిందంటే, ఆ ఇల్లాండ్రు శనివారపు నియమం తప్పలేదన్న సంగతి ఆ కథలోనే ఉన్నది. నేను ఎన్నో ఈస్టరు ప్రసంగాలు విన్నాను. ఆ శనివారం గురించి ఒక్కరూ చెప్పగా వినలేదు.

మాలో ఇంకొక మాట వాడుకగా అంటారు, పాత నిబంధన అంతా కోపం, కొత్త నిబంధన అంతా ప్రేమ అని. నేనూ అనేదాన్ని. నీ పొరుగువానిని ప్రేమించమన్న మాట ఎక్కడిదనుకొన్నారు? లేవీయకాండము 19వ అధ్యాయం. యేసు తన గ్రంథంలోంచి తాను ఎత్తి చెప్పాడు. ఆయనకు ఒక తరం ముందువాడైన హిల్లేలు అనే గురువు దగ్గరకు ఒక అన్యుడు వచ్చి, ఒంటికాలి మీద నిలబడినంతసేపట్లో మీ ధర్మమంతా చెప్పమన్నాడట. తనకు గిట్టనిది ఎదుటివారికి చేయకపోవడమే సారమనీ, తక్కినదంతా దానికి వ్యాఖ్యానమనీ, వెళ్లి నేర్చుకొమ్మనీ హిల్లేలు చెప్పి పంపాడు. మన భారతంలోనూ ఈ మాట ఉన్నది గదా. మంచి మాట ఎవరి ఇంటి సొత్తూ కాదు. కాని, తీసికొన్న ఇంటికి దొంగపేరు పెట్టరాదు.

పెట్టాము. ఇది చెప్పకపోతే నేను ఈ ప్రసంగం చేయడంలో అర్థం లేదు.

సిలువ వేయడం రోమనుల శిక్ష. తీర్పు చెప్పినవాడు రోమను అధిపతి పొంతి పిలాతు. మేకులు కొట్టినవారు రోమను సైనికులు. ప్రధాన యాజకులలో కొందరు ఆయనను అప్పగించారని సువార్తలు చెబుతున్నవి, సరే. ఆయన కోసం గుండెలు బాదుకొన్న స్త్రీలూ యూదులేనని కూడా అవే చెబుతున్నవి. అయినా వందల ఏళ్లపాటు ఐరోపాలో క్రైస్తవ గురువులు, మొత్తం యూదు జాతి దేవుణ్ణి చంపిన జాతి అని బోధించారు. గుడ్ ఫ్రైడే వచ్చిందంటే యూదులు ఇళ్లకు తలుపులు బిగించుకొనేవారు. అంతకంటే ఘోరం, పస్కా రొట్టెలో కలపడానికి వాళ్లు క్రైస్తవ బిడ్డలను చంపి రక్తం తీస్తారని పుకారు. 1144లో ఇంగ్లండులోని నారిచ్‌లో ఒక కుర్రవాడి శవం దొరికినప్పుడు యూదులే చంపారన్న అపవాదు లేచింది. ఆ తరువాత వందేళ్లలోనే దానికి ఈ రక్తపు కట్టుకథ తోడై దేశదేశాలా తిరిగింది.

వంట చేసేవారు ఒక్క నిమిషం ఆలోచించండి. యూదుల వంటింట్లో రక్తమే నిషిద్ధం. మాంసం తేగానే అరగంట నీళ్లలో నానవేసి, గంటసేపు ఉప్పు పట్టించి, రక్తమంతా కారిపోయాక కడిగి గాని పొయ్యి మీద పెట్టరు. కోడిగుడ్డు పగులగొడితే ఎర్రచుక్క కనబడిందా, ఆ గుడ్డు పారవేస్తారు. అలాంటి ఇల్లాలి మీద ఆ నింద! పొరుగింటి వంటగదిలోకి ఒక్కసారి తొంగి చూసిన క్రైస్తవ స్త్రీ ఎవరైనా అది అబద్ధమని చెప్పగలిగి ఉండేది. చూడలేదో, చూసీ చెప్పలేదో. 1903లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్ పట్టణంలో ఇలాంటి పుకారే ఒక పత్రిక వ్రాసింది. చనిపోయిన కుర్రవాణ్ణి చంపింది సొంత బంధువే. అయినా సరిగ్గా ఈస్టరు ఆదివారం నాడు గుంపులు యూదుల వీధుల మీద పడినవి. 49 మంది ప్రాణాలు పోయినవి. ఉదయం గుడిలో హల్లెలూయ పాడి వచ్చినవారే!

మా తాతగారి కుటుంబం లూథరన్లు. 1842లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన హేయర్ దొర ప్రారంభించిన మిషను ద్వారా మా వైపు చదువులూ ఆసుపత్రులూ వచ్చినవి, ఆ మేలు మరువలేము. ఆ లూథరు 1543లో యూదుల గురించి ఒక పుస్తకం వ్రాశాడు. వాళ్ల ప్రార్థనామందిరాలు కాల్చమని, ఇళ్లు కూల్చమని అందులో సలహా ఇచ్చాడు. నాలుగు వందల ఏళ్ల తరువాత నాజీలు ఆ పుస్తకాన్ని సంతోషంగా అచ్చు వేసుకొన్నారు. ఇది చదివిన రోజు మా ఇంట్లో గోడమీది లూథరు పటం వైపు చూడలేకపోయాను. పటం తీసివేయలేదు లెండి. 1994లో అమెరికాలోని లూథరన్ సంఘం ఆ రాతలను తాము తిరస్కరిస్తున్నామని బహిరంగంగా ప్రకటించింది. ఆ సంగతి కూడా మా ఊళ్లో ఎవరూ చెప్పుకోగా నేను వినలేదు.

హిట్లరు కాలంలో అరవై లక్షలమంది యూదులు హతులైనారు. హిట్లరును నడిపింది సువార్త కాదు, అది వేరే పిచ్చి. కాని ప్రక్కింటివారిని లాక్కుపోతుంటే చూస్తూ ఊరుకొన్న లక్షలాదిమంది మాత్రం సండే స్కూలులో కూర్చొని ఆ పాఠాలు విన్నవారే. ఈ ముడిని విప్పి చూపినవారిలో జూల్ ఇజాక్ అనే ఫ్రెంచి చరిత్రకారుణ్ణి ముందు చెప్పుకోవాలి. ఫ్రాన్సులో తరతరాల పిల్లలు ఆయన వ్రాసిన చరిత్ర పాఠ్యపుస్తకాలే చదివారు. యూదుడైనందున 1940లో ఉద్యోగం ఊడింది. 1943లో భార్యనూ కూతురినీ పట్టుకుపోయారు. వాళ్లు ఔష్‌విట్జ్ నుంచి తిరిగి రాలేదు. ఆయన దాక్కొంటూనే సువార్తలు ముందు పెట్టుకొని ఒక గ్రంథం వ్రాశాడు, యేసు యూదుడుగానే పుట్టి యూదుడుగానే బ్రతికాడని, సువార్తలలో లేని ద్వేషాన్ని బోధకులు ఎలా చేర్చారని. 1948లో అచ్చయిన ఆ పుస్తకాన్ని, తమ ఇంటిపేరు ఇజాక్ అయినందుకే చంపబడిన భార్యకూ కూతురికీ అంకితమిచ్చాడు. 1960 జూన్‌లో, ఎనభై రెండేళ్ల వయసులో, రోము వెళ్లి 23వ జాన్ పోపును కలిసి ఈ బోధను మార్చమని అడిగాడు. 1963లో ఆయన కన్నుమూశాడు. 1965 అక్టోబరు 28న వాటికన్ మహాసభ, క్రీస్తు మరణాన్ని ఆనాటి యూదులందరి మీదా గాని, నేటి యూదుల మీద గాని మోపరాదని ప్రకటించింది. అనుకూలంగా 2,221 ఓట్లు, వ్యతిరేకంగా 88. ఆయన చూడలేదు. ఇల్లు ఖాళీ అయిన మనిషి, పగ పట్టకుండా, అవతలివారి మతగ్రంథమే చదివి అవతలివారికే వినిపించాడు. నేటి దేశాల రాజకీయాలు నేను మాట్లాడటం లేదు, అవి వేరు. బోధలో తప్పు సంగతే చెబుతున్నాను.

చదవాలనుకొనే క్రైస్తవ సోదరీమణులకు నా అనుభవంలోంచి ఒకటి రెండు మాటలు. ముందు రోమీయులకు పౌలు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయం చదవండి. పౌలు కూడా యూదుడే, గమలీయేలు దగ్గర చదువుకొన్నవాడు. మంచి ఒలీవ చెట్టుకు అంటుకట్టిన అడవి కొమ్మ అని ఆయన మనవంటి అన్యులను అంటాడు. కొమ్మ వేరును మోయడం లేదు, వేరే కొమ్మను మోస్తున్నది, అతిశయపడవద్దంటాడు. అంటుమామిడి ఎరిగిన మనకు ఇంతకంటే తేటగా చెప్పనక్కరలేదు. ఆ తరువాత లేవీయకాండము, ద్వితీయోపదేశకాండము విసుగనుకోక చదవండి. కొన్నిచోట్ల విసుగే, నేను కాదనను. రెండవది, తెలుసుకొన్నాము గదా అని యూదుల పండుగను తెచ్చి మన గుడి హాలులో మనమే చేయడం మంచిది కాదు. కొన్ని దేశాలలో చేస్తున్నారు, చాలామంది యూదులు దానికి నొచ్చుకొంటున్నారు. మన వ్రతాన్ని ఒకరు వేడుక కోసం వేదిక మీద చేసి చూపితే మనకెలా ఉంటుంది? పిలిస్తే అతిథిగా వెళ్లండి.

పోనీ, దూరమనుకొంటే కొచ్చి ఉన్నది. మట్టాంచేరిలో 1568 నాటి యూదుల ప్రార్థనామందిరం మా వారితో కలిసి చూశాను. నేలంతా చైనా నుంచి వచ్చిన నీలి తెలుపు పలకలు, ఏ రెండూ ఒకలా ఉండవంటారు. లోపలికి వెళ్లాలంటే చెప్పులు విడవాలి, మన గుళ్లలోలాగే. 1948 తరువాత అక్కడివారు చాలామంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు, ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇంకా దగ్గర కావాలంటే మా గుంటూరు జిల్లాలోనే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు కుటుంబాలు కొన్ని తాము బెనె ఎఫ్రాయీములమని, యూదులమని చెప్పుకొని శనివారం విశ్రాంతి పాటిస్తున్నవి. వీరిలో చాలామంది ఒకప్పుడు క్రైస్తవులే.

మా నాటకం సంగతి చెప్పి ముగిస్తాను. కిందటి ఏడు గుంపుకు గడ్డాలు తీసివేద్దామన్నాను. మా మనవరాలు ఒప్పుకోలేదు. దానికి ఇప్పుడు పదకొండేళ్లు, ఈ ఏడు యోహన్న వేషం. యేసుప్రభువుకూ, పేతురుకూ, యోహానుకూ, గుంపుకూ అందరికీ ఒకేలాంటి గడ్డాలు పెట్టాలని పట్టుపట్టింది. రోమను సైనికులకు మాత్రం వద్దట. శాలువల మూలలకు కుచ్చులు కూడా తానే కడుతున్నది. సమాధి దృశ్యానికి ముందు ఒక శనివారపు దృశ్యం కొత్తగా చేర్చాము. ముగ్గురు ఆడపిల్లలు దీపం ముందు మాట్లాడకుండా కూర్చొని ఉంటారు, అంతే. ఎనిమిదేళ్ల పిల్లలు మాట్లాడకుండా రెండు నిమిషాలు కూర్చోగలరా అన్నది ఒక చిక్కు. రెండవ చిక్కు, పద్ధెనిమిది గడ్డాలకు నా దగ్గరున్న నల్ల ఉన్ని చాలదు. రేపు బజారుకు వెళ్లాలి.

సెలవు.